ఏడో గడిలో బ్రేకు

"మీ ఆయన బ్రేకుల్లేని బండి నడుపుతాడటగా, అదీ ముప్పై మందిని ఎక్కించుకుని!" అందిట పక్కింటావిడ మా వదినతో. ఆవిడ నోట నిజం రావడం అదే మొదటిసారి.

మా అన్నయ్య ఏరు దాటించే హోవర్‌క్రాఫ్ట్ డ్రైవరు. నేను దానికి మెకానిక్కుని. గాలి మీద తేలే బండికి బ్రేకు దేనికి బిగిస్తాం? ఒడ్డు రెండు వందల గజాలుండగానే అన్నయ్య వెనక ఫ్యాను జోరు తగ్గిస్తాడు. చాలకపోతే బండినే గిర్రున వెనక్కి తిప్పి ఎదురు తోయిస్తాడు. చివర్న కింది గాలి తగ్గిస్తే, రబ్బరు అంచు ఇసుకకు రాసుకుని బండి చతికిలబడుతుంది.

ఈ ఏడు బండి లైసెన్సు గడువు తీరింది. ఆఫీసువాళ్ల దగ్గరున్నది లారీల ఫారమే. అందులో ఏడో గడి, 'బ్రేకు బాగున్నదా?' అన్నయ్య 'లేదు' అని రాశాడు. మూడుసార్లు తిరిగొచ్చింది. నెలాఖరుకి ముద్ర పడకపోతే ఉద్యోగం ఊడినట్టే.

"గాలికి బ్రేకెలా వెయ్యమంటారు సార్?" అనడిగాడు ఇన్‌స్పెక్టరుని.

"గడి ఉందంటే బ్రేకుండాలి. ఎలాగో నన్నడుగుతావేం?"

వదిన ముఖం చూడలేక, పాత లారీ పెడలొకటి తెచ్చి అన్నయ్య కాళ్ల దగ్గర వెల్డింగు చేశాను. తీగె లేదు, గొట్టం లేదు. తొక్కితే బిగువుగా ఉండాలని అడుగున ఓ స్ప్రింగు మాత్రం పెట్టాను.

ఇన్‌స్పెక్టరు వచ్చి తొక్కాడు. "అదీ, బ్రేకంటే అలా ఉండాలి!" అని ముద్ర గుద్దేశాడు. అక్కడితో ఆగినా బాగుండేది. ముచ్చటపడి, తనే నడుపుతానన్నాడు. ఏట్లో ఓ చుట్టు చుట్టి ఒడ్డుకేసి తిప్పాడు.

"జోరు తగ్గించండి సార్! ఇప్పుడే!" అన్నాడు అన్నయ్య. ఫ్యాను లివరు మీద చెయ్యి వెయ్యబోతే ఇన్‌స్పెక్టరు విదిలించి కొట్టాడు.

"బ్రేకుంది కదయ్యా, ఎందుకా కంగారు!"

బండి ఒడ్డెక్కింది. టిక్కెట్ల వరసలో జనం చెల్లాచెదురయ్యారు. కంచె విరిగింది. క్యాంటీన్ బల్లలు నాలుగింటిని ముందేసుకుపోయి, గోడకి ఆనుకుని ఆగింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. దొరగారి కాలు ఇంకా పెడలు మీదే ఉంది. మేనేజరు, క్యాంటీన్ ఆయన, ప్రయాణికులు అందరూ చుట్టూ మూగారు.

"తొక్కాను కదయ్యా! ఎందుకాగలేదు?"

అన్నయ్య ఆయన ఒళ్లోంచి ముద్ర పడిన ఫారం తీసి, మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"అది మీ ఫారానికి పెట్టిన బ్రేకు సార్. బండికి కాదు."