హుజూరాబాద్ బస్టాండులో మామ ఇంగ్లీషు

కరీంనగర్ బస్సు ఆగీ ఆగకముందే జనం ఎగబడ్డారు. జగన్మోహన్‌రావు మేనకోడలి భుజం మీది సంచి లాగి, కిటికీలోంచి సీట్లోకి విసిరేశాడు.

"మామా! అండ్ల నా సర్టిఫికెట్లున్నయ్!" దేవకి అరిచింది.

"అందరు రుమాలేస్తరు, మనం సంచేసినం. సీటు మనదే. ఫికర్ చెయ్యకు."

పదకొండింటికి కరీంనగర్‌లో ఇంగ్లీషు టీచరు ఉద్యోగానికి ఇంటర్వ్యూ. ఇదీ తప్పిపోతే ఇక పెళ్ళిచూపులేనని బాపు తేల్చేశాడు. ఆమె బస్సు మెట్టు మీద కాలు పెట్టబోతుంటే మామ జబ్బ పట్టుకుని ఆపాడు.

"ఆఖరుసారి చెప్పు. ప్రయాణం చేసిన అనాలంటె?"

"డూ ఎ జర్నీ."

"నా మొకం! జర్నీకి మేక్ పెట్టాలె. ట్రిప్పుకైతే టేక్ అను, గో ఆన్ అను, నడుస్తది. ట్రిప్పంటే పోయి మళ్లొచ్చుడు. జర్నీ అంటే ఈడికెంచి ఆడిదాంక తొవ్వ. సమజైందా?"

"బస్సు పోతది మామా!"

"కండక్టర్ ఇంకా చాయ్ తాగుతుండు. ఇగ వాయేజ్ సంగతి..."

చాయ్ తాగుతున్నవాడు వరంగల్ బస్సు కండక్టరు. కరీంనగర్ బస్సు దుమ్ము లేపుకుంటూ గేటు దాటింది, సంచితో సహా.

దేవకి ఏడవలేదు. రోడ్డుకు అడ్డంగా పరుగెత్తి, కిరాయికి జీపు తిప్పే ఖాసింను ఆపింది. పిలవకుండానే మామ పక్కన ఎక్కి కూర్చున్నాడు.

"వాయేజ్ అంటే సముద్రం మీద..."

"సార్, సముద్రం తర్వాత చూద్దాం," అన్నాడు ఖాసిం. "ముందుగాల బస్సును చూడనియ్యుండ్రి."

కేశవపట్నం దగ్గర బస్సు దొరికింది. లోపల కాలు మోపే సందు లేదు. ఒక్క సీటు మాత్రం ఖాళీగా ఉంది, దాని మీద సంచి. పక్క సీట్లో భూమవ్వ అనే ముసలమ్మ దాని మీద చెయ్యి వేసుకుని కూర్చుంది.

"గీ ముసలమ్మ ఎవ్వల్ని కూసోనియ్యలేదమ్మా," కండక్టరు విసుక్కున్నాడు.

"ఒకలు సామానేసిన సీట్ల ఇంకొకలెట్ల కూసుంటరు? ఇజ్జత్ లేదా?" భూమవ్వ గయ్యిమంది.

వెనకాలే మామ మెట్టెక్కాడు. "బిడ్డా, టూర్ సంగతి చెప్పుడు మర్చిపోయిన. నేనుగూడ వస్త."

"దిగు మామా!" దేవకి గొంతు బస్సంతా వినపడింది. "నువ్వొస్తె నాకొచ్చింది గూడ మర్చిపోత. దండం పెడత, దిగు."

నోరు తెరిచినవాడు తెరిచినట్టే దిగిపోయాడు. బస్సు కదిలింది.

"గాయన నిన్నేడికి పంపుతుండు బిడ్డా?" అడిగింది భూమవ్వ.

దేవకి సంచి ఒళ్ళో పెట్టుకుంది. "గాయన పంపుతలేడవ్వా. నేనే పోతున్న."