నూకరత్నం కొట్టులో లాప్‌టాప్

నేను ఒక పాత లాప్‌టాప్‌ని. మరీ అంత పాతేమీ కాదు, మనుషులకే కొత్త మీద మోజు. ఏ దేశంలో పుట్టానో నాకే సరిగ్గా తెలియదు. ఊహ తెలిసేసరికి హైదరాబాదులో ఒక ఆఫీసరు బల్ల మీద ఉన్నాను. ఆయన నన్ను మీటింగులకు మోసుకెళ్ళి, ఎదురుగా తెరిచి పెట్టుకుని కునుకు తీసేవాడు. ఒక మీట ఊడిపోగానే అమ్మేశాడు. చేతులు మారి కాకినాడ చేరితే, పాత కంప్యూటర్ల షాపులో హైమవతి నన్ను కొనుక్కుంది.

హైమ అప్పటికే కంపెనీ ఉద్యోగం మానేసింది. ఎవరు వాడతారో తెలియని ప్రోగ్రాములు ఏళ్ళ తరబడి రాసి విసిగిపోయిందట. తన చేత్తో ఓ చిన్న సాఫ్ట్‌వేర్ చేసి, దాన్ని ఒక్క కొట్టువాళ్ళయినా ఇష్టపడి వాడితే కళ్ళారా చూడాలని ఆమె కోరిక. ఉగాదిలోగా ఆ ఒక్క కొట్టూ దొరక్కపోతే బుద్ధిగా ఉద్యోగంలో చేరిపోతానని భర్తకు మాటిచ్చింది. ఇంత ఊళ్ళో ఒక్క కొట్టు దొరకదా, ఇదేం పందెమని నాకు నవ్వొచ్చింది.

ఆమె ఎంచుకున్నది జాకెట్లు కుట్టే టైలర్లని. ఛాతీ, నడుము, భుజం, చంక చుట్టు, చెయ్యి పొడవు అంటూ కొలతలు రాసుకునే గళ్ళు నాలో కట్టింది. ఒక మనిషి ఒంటికి ఇన్ని లెక్కలుంటాయని నాకు అప్పుడే తెలిసింది. నన్ను చంకన పెట్టుకుని కొట్టుకొట్టుకీ తిరిగింది. అందరూ టీ ఇచ్చారు, మెచ్చుకున్నారు, మళ్ళీ చూద్దాంలెండి అన్నారు. ఆ మాటకు వద్దని అర్థమని గ్రహించడానికి మా ఇద్దరికీ చాలాకాలం పట్టింది.

చివరికి తనకు ఎప్పుడూ జాకెట్లు కుట్టే నూకరత్నం కొట్టులో, వాడి చూడమని నన్ను వదిలి వెళ్ళింది. నూకరత్నం మర్యాదస్తురాలు. రోజూ నన్ను తుడిచి, దుమ్ము పడకుండా గుడ్డ కప్పేది. వాడితే ఒట్టు.

పనిలేక నేను వచ్చేపోయేవాళ్ళని గమనించడం మొదలుపెట్టాను. ఒక్కరూ కొలతలిచ్చేవారు కాదు! ఒంటికి సరిగ్గా సరిపోయిన పాత జాకెట్టు సంచిలోంచి తీసి బల్ల మీద పడేసేవారు. దాన్ని ఆది అంటారట. పడేసి ఊరుకుంటారా? అచ్చం ఇలాగే కుట్టమంటూనే, నడుం మాత్రం వేలెడు లూజు అనేది ఒకావిడ. మెడ మాత్రం మా తోటికోడలి దానంత అనేది ఇంకొకావిడ. సరిపోయిందనే కదా తెచ్చారు, మళ్ళీ ఈ సవరణలేమిటో! అవన్నీ నూకరత్నం మనసులో పెట్టుకోవాలి. పెళ్ళిళ్ళ రోజుల్లో ఒకరి మాట ఇంకొకరి జాకెట్టులోకి దూరేది. అప్పుడు చూడాలి ఆ కొట్టులో రభస.

వారం తర్వాత హైమ వచ్చి, ఖాళీ గళ్ళు చూసి నీరుగారిపోయింది. ఎందుకు వాడలేదని అడిగింది.

"కొలతలెవరిత్తారమ్మా? నువ్విచ్చేవా ఎప్పుడైనా?" అంది నూకరత్నం.

హైమ చేతిసంచిలో అప్పుడూ తన ఆది జాకెట్టే ఉంది. చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే. ఇద్దరూ పడీపడీ నవ్వారు.

హైమ నన్ను ఇంటికి తీసుకెళ్ళి ఆ గళ్ళన్నీ చెరిపేసింది. నేర్చుకున్నదంతా పోయిందని కాస్త బాధపడ్డాను. ఇప్పుడు నాకున్న పని ఒక్కటే. మీట నొక్కితే ఆది జాకెట్టు ఫోటో తీసి, దాంతోపాటు అది తెచ్చినావిడ చెప్పే సవరణ ఆవిడ గొంతుతోనే దాచుకుంటాను. గుడ్డ కత్తిరించే ముందు వినిపిస్తాను. ఇలా మార్చి నన్ను మళ్ళీ కొట్టులో పెట్టి వెళ్ళిపోయింది. ఆ తర్వాత రాలేదు. నేను మళ్ళీ గుడ్డ కిందే ఉండి ఉంటానని ఆమె భయం.

ఉగాది ముందురోజు హైమ వచ్చింది. నావైపు చూడకుండానే, ఉద్యోగంలో చేరుతున్నానని, లాప్‌టాప్ పట్టుకెళ్తానని చెప్పింది. నాకు దిగులేసింది. నూకరత్నం కత్తెర పక్కన పెట్టింది.

"అట్టుకెళ్ళిపోతే నేనెలాగ కుట్టాలి?"

అని మీట నొక్కింది. చెయ్యి పొట్టిగా, భుజం జారకుండా అంటూ ఎవరో కస్టమరు గొంతు కొట్టంతా వినిపించింది. దాని వెనక ఇంకొకరిది, ఆ వెనక మరొకరిది. హైమ నిలువునా కదిలిపోయింది.

"నువ్వు ఉజ్జోగానికెళ్తే ఎళ్ళు. ఇది మాత్రం కదిలేది లేదు. నెలకెంతివ్వాలో చెప్పు."

ఆ ప్రశ్న ఎవరైనా అడుగుతారని హైమ ఎన్నడూ అనుకోలేదు. జవాబు చెప్పబోయి, జాకెట్టు ముక్కల మూట మీద కూలబడి వెక్కివెక్కి ఏడ్చింది.

నూకరత్నం కంగారుపడిపోయింది. "ఏడుత్తావేంటమ్మా? బేరమాడనులే. నువ్వెంతంటే అంతే ఇత్తాను."