నాలుగు నల్లటి వేళ్లు

మా సెలూన్‌లో కుర్చీలు రెండే. కిటికీ పక్కది నాది, తలుపు దగ్గరిది మా చిన్న తోడికోడలిది. సెలూన్ మొదలుపెట్టింది నేను, పేరు తెచ్చింది నేను. పని నేర్పి, దాని చేతికి కత్తెరిచ్చి నిలబెట్టిందీ నేనే. అలాంటిది రెండేళ్లు తిరిగేసరికి వచ్చినవాళ్లంతా తలుపు దగ్గరే ఆగిపోతున్నారు. కడుపు మండదా మరి?

దాని కిటుకంతా ఉసిరికాయలోనే ఉంది. జుట్టు రాలుతోందంటే ఉసిరి నూనె రాస్తుంది. చుండ్రంటే ఉసిరి రసం పట్టిస్తుంది. నీరసమన్నా, మలబద్ధకమన్నా రోజుకో కాయ తినమంటుంది. విటమిన్ సి విషయంలో నిమ్మ, నారింజ దీని ముందు దిగదుడుపేనని ఉపన్యాసం ఒకటి. ఎవరైనా కాయ కొరికి మొహం చిట్లిస్తే గ్లాసుతో నీళ్లిచ్చి, "ఇప్పుడు తాగి చూడండి, ఎంత తియ్యగా ఉంటాయో" అంటుంది. వాళ్లు తాగి కళ్లు పెద్దవి చేస్తారు. ఉసిరికాయను అదే పుట్టించినట్టు దాని వంక చూస్తారు.

అన్నీ ఓర్చుకున్నాను. ఓర్చుకోలేనిది టీచరుగారి సంగతి. పదకొండేళ్లు ఆవిడ తల నా చేతుల్లోనే ఉంది. నాలుగు నెలల కిందట నేను వేసిన సీసా రంగుకి ఆవిడ మాడు ఎర్రబడి ఒకటే దురద. అది నా తప్పా? కంపెనీ మార్చి చూశాను, తగ్గలేదు. మా చిన్నది ఊరుకుందా! ఉసిరిపొడిని టీ డికాషన్‌లో కలిపి, ఇనప మూకుట్లో నానబెట్టి, నల్లగా తేలిన ముద్దను ఆవిడ తలకు పూసింది. దురద లేదు, తెల్లవెంట్రుకలు ముదురురంగు తిరిగాయి. అంతే, టీచరుగారు ఆ కుర్చీకి మారిపోయారు. పొరుగింటి పుల్లకూర రుచని ఊరికే అన్నారా?

ఆ బుధవారం నాలుగింటికి ఆవిడ రావాలి. మూడున్నరకు చిన్నది తువ్వాళ్లు తేవడానికి లాండ్రీకి వెళ్లింది. నేను వెనక గదిలోకి దూరి మూకుడు మీది మూత తీశాను. ముద్ద కాటుకలా నిగనిగలాడుతోంది. సగం తీసి నా క్రీము డబ్బాలో పెట్టుకుంటే, టీచరుగారు రాగానే "నేనే కలిపానండీ, ఇటు కూర్చోండి" అనొచ్చు. చిన్నది తిరిగొచ్చేసరికి ఆవిడ నా కుర్చీలో ఉంటారు.

సీసా రంగుల్ని నేను గ్లవుజుల్లేకుండా ముట్టుకోను. కానీ ఇది కాయేగా, మందా మాకా? వట్టి చేత్తోనే, నాలుగు వేళ్లూ పెట్టి, సగం గీకి నా డబ్బాలో పెట్టేశాను.

తీరా చెయ్యి కడిగితే నలుపు పోదే! సబ్బు పెట్టాను, ఇటుక ముక్కతో తోమాను. గోళ్ల సందుల్లో మరింత నల్లబడింది. ఇనుమూ ఉసిరీ కలిస్తే అంత గట్టిగా పట్టుకుంటాయని నాకెవరు చెప్పారు? ఇంతలో తలుపు గంట మోగింది. టీచరుగారు, ఆవిడ వెనకే తువ్వాళ్ల మూటతో చిన్నది.

"వీధి చివర కలిశాం అక్కా" అంటూ అది వెనక గదిలోకి వెళ్లి మూకుడుతో వచ్చింది. "ఇదేంటి, ముద్ద సగమే ఉంది?"

"నాకేం తెలుసు? ఆరిపోయి తగ్గిందేమో" అన్నాను, తువ్వాలు చేతికి చుట్టుకుంటూ.

టీచరుగారు తలుపు దగ్గరి కుర్చీలో కూర్చుని, కళ్లజోడు తీసి నా వైపు చాపారు. పదకొండేళ్ల అలవాటు ఆవిడది. ఆ జోడు అందుకోవడం నా అలవాటు. ఆలోచించకుండానే తువ్వాలు వదిలేసి చెయ్యి చాపాను.

"అయ్యో, ఆ వేళ్లేంటమ్మా బొగ్గులో పెట్టినట్టు?"

తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయాను. చిన్నది నా వేళ్లు చూసింది, మూకుడు చూసింది, నా అరలో ఉన్న క్రీము డబ్బా మీద నల్లటి వేలిముద్ర కూడా చూసింది. ఒక్క మాటంటే చాలు, పదకొండేళ్ల నా పరువు గంగలో కలిసేది.

"ఆ ముద్ద కలిపేది మా అక్కేనండీ" అంది. "గ్లవుజులేసుకోమంటే వినదు."

"మరి చెప్పరేం?" అని టీచరుగారు నొచ్చుకున్నారు. "నువ్వు వేసే రంగు ఇక వద్దని చెప్పలేక, నీ మొహం చూడలేక, ఇన్నాళ్లూ ఇటు కూర్చున్నానమ్మా." లేచొచ్చి నా కుర్చీలో కూర్చున్నారు. "ఇకనుంచి నువ్వే వెయ్యి."

చిన్నది గ్లవుజులూ బ్రష్షూ తెచ్చి నా చేతిలో పెట్టింది. "కుదుళ్ల దగ్గర మొదలుపెట్టక్కా" అని గొణిగింది. "ఎంతెంత కలపాలో తర్వాత చెప్తాలే."

టీచరుగారి తల మళ్లీ నా చేతుల్లోకి వచ్చింది. నేను కోరుకున్నది అదేగా, సంతోషించాలి. అద్దంలో చూస్తే చిన్నది దాని ఖాళీ కుర్చీ కింద వెంట్రుకలు ఊడుస్తోంది. మొహంలో కోపం లేదు, వెటకారం లేదు. నా గుండె మాత్రం ఇంకా మండుతూనే ఉంది.

కాయ దానిది. హస్తవాసి దానిది. జనమూ దానివాళ్లే. సరే. పోనీ పెద్దమనసన్నా నాకు వదిలిపెట్టకూడదా? అదీ దానికే కావాలా?