కుక్కపిల్లల యోగాలో ఖాళీ గిన్నె

నేను ఒక స్టీలు గిన్నెను. కాటేదాన్‌లో ఒక చిన్న కార్ఖానాలో ప్రెస్సు కింద పడి గుండ్రంగా లేచాను. నా పని నీళ్లు పట్టి ఉంచడం. ఇంత చిన్న సంగతి చదువుకున్నవాళ్లకు అర్థం కాదని కొండాపూర్‌లోని ఒక యోగా కేంద్రానికి వెళ్లాకే తెలిసింది.

కేంద్రం మృణాళినిది. ఆదివారం పొద్దున అక్కడ కుక్కపిల్లల మధ్య యోగా చేయిస్తుంది. కుక్కలు అమ్మే మనిషి ఒకతను రెండు నెలలైనా నిండని పిల్లలను ఆరింటిని బుట్టలో తెచ్చి వదిలేవాడు. ఇరవై మంది వచ్చి, చాపలు పరిచి, మూగజీవాల సాన్నిధ్యంలో కరుణ పెంచుకునేవారు. కరుణ గంటన్నరలో పెరిగేది. ఆ తర్వాత టిఫిన్.

నన్ను గుమ్మం దగ్గర పూలకుండీ పక్కన ఖాళీగా పెట్టారు. నీళ్లు తాగితే పిల్లలు చాపలు తడుపుతాయట. ఫొటో కోసం మాత్రం నాలో నీళ్లు పోసేవారు, అదీ పిల్లలు రాకముందే. ఫొటో కాగానే పారబోసేవారు. పిల్లలు వచ్చి నా తడి అడుగు నాకి పోయేవి.

ఏప్రిల్‌లో ఒక ఆదివారం ఏసీ పనిచేయలేదు. సగం క్లాసులోనే ఒక తెల్ల కుక్కపిల్ల ఎవరిదో చాప మీద కాళ్లు బారజాపి పడిపోయింది. నాలుక బయటికొచ్చింది. చాపగలావిడ మురిసిపోయి అందరినీ పిలిచింది.

"చూశారా, మనకంటే ముందే శవాసనంలోకి వెళ్లిపోయింది," అంది మృణాళిని.

అందరూ మూగి ఫోన్లు తీశారు. జంతువులకు పుట్టుకతో వచ్చే స్థితప్రజ్ఞత గురించి ఒకాయన రెండు ముక్కలు మాట్లాడాడు కూడా.

గదులు ఊడ్చే పోశవ్వ గుమ్మంలోంచి చూసింది. చీపురు పడేసి, నన్ను తీసుకుపోయి నిండా నీళ్లు పట్టుకొచ్చి, గుంపును మోచేత్తో నెట్టుకుని వచ్చి కూర్చుంది. క్లాసు నడుస్తోందని మృణాళిని గుర్తుచేసింది. పోశవ్వ తలెత్తలేదు.

"ఇది ఆసనం కాదమ్మా. దానికి పానం వోతున్నది."

తడివేళ్లతో దాని నోరు తడుపుతూ కూర్చుంది. చాలాసేపటికి పిల్ల కళ్లు తెరిచి మూతి నాలో ముంచింది. మిగతా అయిదూ ఉరికొచ్చాయి. పుట్టి బుద్ధెరిగాక నాకు అంత సంతోషం ఎన్నడూ కలగలేదు. తాగినవి తాగినట్టు చాపల మీదే ఉచ్చ పోశాయి. అంతే, పెరిగిన కరుణ ఎటు పోయిందో గాని, ఇరవై మందీ చాపలు ఎత్తిపట్టుకుని మృణాళిని మీద పడ్డారు. ఆ పిల్లకెలా ఉందని ఒక్కరూ అడగలేదు.

పోశవ్వను రేపటినుంచి రావద్దన్నారు. ఆమె గొడవపడలేదు. ఆ తెల్లపిల్లను తనకిమ్మని మాత్రం అడిగింది. అది జాతికుక్క, నీ ఇంట్లో బతకదని చెప్పి కుక్కలవాడు దాన్ని బుట్టలో వేసుకుపోయాడు. తర్వాత అది బతికిందో లేదో నాకు తెలియదు.

వెళ్తూ వెళ్తూ ఆమె నన్ను సంచిలో వేసుకుంది. దొంగతనమే. నాకు జరిగిన న్యాయం అదొక్కటే.

ఇప్పుడు బోరబండలో ఆమె గడప ముందు ఉంటున్నాను. వీధికుక్కలు వస్తాయి, కొట్లాడుకుంటాయి, తాగి పోతాయి. వీటికి నీళ్లు పెడితే ఇక్కడే మకాం పెడతాయని పక్కింటి మల్లేశం రోజూ విసుక్కుంటాడు. పోశవ్వ నన్ను కడిగి మళ్లీ నింపుతుంది.

"దూపైతే తాగుతయే అన్నా," అంటుంది.

ఈ ఒక్క ముక్క తెలుసుకోవడానికి ఆమె ఏనాడూ చాప పరిచి ఊపిరి బిగబట్టలేదు.