సాంబ్రాణికి లేచే కంప్యూటర్

నా పేరు వరదయ్య. చదివింది అయిదో క్లాసు, అదీ వాన పడితే సెలవిచ్చే బడిలో. అయినా చెప్తున్నాను వినండి: పుత్తూరు నుంచి నగరి దాకా నా చేతిలో పడి నోరు తెరవని రేడియో లేదు, నన్ను పరిగెత్తించిన దయ్యమూ లేదు. బావిలో పడిన రేడియోను ఆరబెట్టి పలికిస్తే వార్తలతో పాటు లోపలున్న కప్ప కూడా పలికింది, అంత చెయ్యి నాది. ఈ మాటలు గుర్తుంచుకోండి. ముందు అవసరం పడతాయి.

నగరిలో కుప్పయ్య అని చీరలకు డిజైన్లు గీసే మనిషి ఉండేవాడు, వరసకు నాకు బావ. ఏ పోగు పైకి లేవాలో, ఏ పోగు కిందికి దిగాలో కంప్యూటర్లో గడి గడికీ చుక్క పెట్టి గీసేవాడు. ఆ గీతను బట్టే మగ్గం అంచు నేస్తుంది. ఇంట్లో నాలుగు మరమగ్గాలు, భార్య చంద్రకాంతమ్మ, కూతురు గీతాంజలి. మనిషికి రెండే పిచ్చులు. ఒకటి వక్కలు. కూర్చున్నంతసేపూ చేతిలో అడకత్తెర ఆడుతూనే ఉండేది. ఒక్కో వక్క మూడు ముక్కలు. టక్, టక్, టక్. కాస్త ఆగి మళ్ళీ టక్, టక్, టక్. రెండోది కరువాడు, అదే ఎండుచేప. ఆయన ఇంట్లో కాలిస్తే మూడు వీధుల అవతల అన్నం కలుపుకునేవాళ్ళు.

నిరుడు ఆడి నెలలో, అదే ఆషాఢంలో, ఒక మధ్యాహ్నం కుప్పయ్య ఆ కంప్యూటర్ ముందే కుర్చీలో తల వాల్చాడు. మళ్ళీ ఎత్తలేదు. అప్పుడు గీస్తున్న అంచు గురించి ముందురోజే భార్యకు చెప్పి ఉన్నాడట, "ఈ అంచుతో మొదటి చీర నీకే" అని.

కార్తీకం వెళ్ళాక ముసురు పట్టిన ఒక రోజు గీతాంజలి పుత్తూరులో నా కొట్టుకు వచ్చింది. రేడియోలు పోయాక నేను మిక్సీలు, ఫ్యాన్లు, కంప్యూటర్ డబ్బాలు చూసుకుంటున్నాను లెండి.

"మామా, మా నాయన కంప్యూటరు లేయడంలే."

"లేయకుంటే పండుకోనీమ్మా. దానికీ వయసైంటాది."

"ఎగతాళి కాదు. శుక్రారం మాత్రం లేస్తాది. అమ్మ సాంబ్రాణి యేస్తే లేస్తాది. మిగతా దినాల్లో ఎంత నొక్కినా టక్ టక్ అంటాది, అంతే."

నేను నవ్వాను. ఆ పిల్ల నవ్వలేదు.

"మొదట్లో అరగంట నిలిచేది. పోయిన వారం అయిదు నిమిషాలు నిలిచింది. నాయన గీసిన కడసారి అంచు దాన్లోనే ఉండాది మామా, ఇంగెక్కడా లేదు. ఎత్తుకుందామని పెన్‌డ్రైవు పెట్టబోతే అమ్మ సెయ్యి పట్టుకునింది. 'మీ నాయన దాన్లో ఉండాడు, కెలికితే పోతాడు' అంటాది. నువ్వొచ్చి సెప్పు. నీ మాటైతే ఇంటాది."

ఆ శుక్రవారం దీపాలు పెట్టే వేళకు వెళ్ళాను. ఎప్పుడూ చెవులు పగలగొట్టే మగ్గాలు ఆగి ఉన్నాయి. ఆ ఇంట్లో అంత నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు. చంద్రకాంతమ్మ వాకిట్లోకి వచ్చింది.

"రా అన్నా. మీ బావను సూడను వచ్చినావా?"

"బావ యాడుండాడు చెల్లెమ్మా?" అన్నాను.

"ఈడే. ఇను."

గదిలోకి తీసుకుపోయి కంప్యూటర్ మీట నొక్కింది. తెర నల్లగానే ఉంది. బల్ల కింది డబ్బాలోంచి మాత్రం చప్పుడొచ్చింది. టక్, టక్, టక్. కాస్త ఆగింది. టక్, టక్, టక్. ప్రతి టక్కుకూ డబ్బా ముందున్న చిన్న దీపం కన్ను కొట్టినట్టు వెలిగి ఆరుతోంది. యంత్రమన్నాక చప్పుడు చేస్తుందని నాకు నేను చెప్పుకున్నాను. మూడేసి ఎందుకని మాత్రం నన్ను నేను అడగలేదు.

ఆమె లోపలికి వెళ్ళి మట్టిమూకుడు తెచ్చింది. అందులో నిండా ఎర్రటి నిప్పులు. సాంబ్రాణి చల్లి, డబ్బా చుట్టూ మూడుసార్లు తిప్పి, వెనకవైపు గాలి కంతల దగ్గర పెట్టింది. పొగ గదిలోకి రావలసింది, డబ్బాలోకి పోతోంది. టక్కుల మధ్య ఎడం తగ్గింది. అప్పుడొచ్చింది వాసన. సాంబ్రాణిది కాదు.

"చెల్లెమ్మా, కరువాడు గాని కాలుస్తా ఉండారా?"

"ఆయన పోయినాక ఈ ఇంట్లోకి కరువాడు రాలేదన్నా," అంది మెల్లగా.

అంతలో లోపలి ఫ్యాను ఉబ్బసం మనిషి ఊపిరి పీల్చినట్టు ఒక్కసారి లాగి తిరగడం మొదలుపెట్టింది. తెర తెల్లబడింది. కుప్పయ్య అంచు దానంతటదే తెరుచుకుంది. ఉడుతలు. ఒకదాని వెనక ఒకటి పరిగెత్తుతున్న ఉడుతలు, నోట్లో వక్కపలుకులు. ఏ ఉడుతకీ తోక లేదు. తోక ఉండవలసిన చోట చిన్న గీత ఒకటి మినుకు మినుకుమంటోంది, అక్కడ చెయ్యి ఆగిపోయినట్టు.

చంద్రకాంతమ్మ కుర్చీ వెనక నిలబడి, కుర్చీలో మనిషి ఉన్నట్టే మాట్లాడింది. "రెండో మగ్గానికి కొత్త పడుగు ఎక్కించినాము. గీతకు జొరం తగ్గింది. వరదయ్యన్న వచ్చినాడు, సూడు."

ఆమె 'సూడు' అన్నప్పుడే ఠప్పున తెర ఆరిపోయింది.

ఇప్పుడు ఆ మొదటి మాటలు గుర్తు తెచ్చుకోండి. నన్ను పరిగెత్తించిన దయ్యం లేదన్నాను కదా? ఆ రోజు నగరి బస్టాండు దాకా పరిగెత్తింది నేనే. ఒక చెప్పు కుప్పయ్య వాకిట్లోనే ఉండిపోయింది. పనిలో పని, రేడియో సంగతి కూడా చెప్పేస్తాను: మా ఇంట్లో రేడియో పలికి పదకొండేళ్ళయింది. కావాలంటే మా ఆవిడను అడగండి, అడక్కపోయినా చెప్తుంది.

బస్టాండులో రెండు టీలు తాగాక ఊపిరి కుదురుకుంది, బుర్ర పనిచేసింది. మా కాలంలో కొన్ని రేడియోలు చలికి నోరు విప్పేవి కావు. కాసేపు ఎండలో పెడితే పాడేవి. తప్పంతా కండెన్సరుది. ఇప్పటివాళ్ళు కెపాసిటర్ అంటారు. కరెంటును కొంచెం కొంచెంగా దాచి, తొణక్కుండా అందించే చిన్న రేకు డబ్బీ అది. లోపల తడి ఉంటుంది. నాసిరకందైతే ఆ తడి ఆరిపోతుంది, తల ఉబ్బుతుంది, చల్లగా ఉంటే పని చెయ్యదు. కంప్యూటర్‌కు కరెంటు అందించే పెట్టె మళ్ళీ మళ్ళీ లేవబోయి కూలబడుతుంది. టక్కు టక్కుమనేది అదే. సెగ తగిలితే కాసేపు ప్రాణం వస్తుంది. కారిన తడి కాగితే అచ్చం ఎండుచేప కంపు.

మర్నాడు వెళ్ళాను. చెప్పు కోసమే వచ్చానన్నాను. అది కడిగి గుమ్మం పక్కన పెట్టి ఉంది.

"దయ్యం ఎత్తుకపోలేదులే అన్నా. నీ చెప్పు దానికి పట్టల్యా," అంది చంద్రకాంతమ్మ.

తిట్టినా బాగుండేది. కూర్చుని విషయమంతా చెప్పాను. "వారం వారం నిమిషాలు తగ్గతా ఉండాయి చెల్లెమ్మా. ఒక శుక్రారం అది ఢామ్మని పేలి, అంచు దాచిన భాగాన్ని కూడా కాల్చేస్తాది. అప్పుడు బావా ఉండడు, బావ అంచూ ఉండదు."

"విప్పితే?"

"అంచు మిగుల్తాది. ఆ సప్పుడు మాత్రం పోతాది."

గీతాంజలి తలుపు దగ్గర నిలబడి చీర కొంగు వేలికి చుట్టుకుంటోంది.

"అది లేసేది సాంబ్రాణి వేడికేనంటావా?" అంది తల్లి.

"వేడికే."

నా మొహంలోకి అలాగే చూసి సన్నగా నవ్వింది. "అంతేనా?"

"అంతే."

ఆమె వెళ్ళి మీట నొక్కింది. టక్, టక్, టక్. కింద చాప మీద కూర్చుంది. ఒక తాంబూలం నమిలేంతసేపు విన్నది. మధ్యలో ఒకసారి, "వక్క గట్టిగుండాదేమో," అంది, మాతో కాదు. తర్వాత తనే లేచి ప్లగ్గు పీకింది.

"విప్పు అన్నా."

డబ్బా విప్పితే లోపల వేలెడు మందాన నూలు దుమ్ము. కరెంటు పెట్టె మీద నాలుగువందల యాభై వాట్లని రాసుంది. చేతిలో పెట్టుకుంటే నీళ్ళు తాగేసిన టెంకాయంత బరువు కూడా లేదు. ఎవరో చవగ్గా అంటగట్టిన సరుకు. లోపల మూడు కండెన్సర్లు పూరీల్లా పొంగి, తలలు పగిలి, గోధుమరంగు జిగురు కార్చుకుని ఉన్నాయి. సరిగ్గా మూడే. తీసేసి కొత్తవి అతికించాను. మీట నొక్కితే కంప్యూటర్ చప్పుడు లేకుండా, ఎవరి ఇంట్లోదో అన్నట్టు లేచింది. గీతాంజలి ఉడుతల అంచును రెండు చోట్ల దాచుకుని, అప్పుడు ఏడ్చింది.

"ఆ మూడూ ఇట్టియ్ అన్నా," అని చంద్రకాంతమ్మ ఉబ్బిన కండెన్సర్లను అడిగి తీసుకుంది. ఆకులపెట్టెలో అడకత్తెర పక్కన పెట్టి మూత వేసింది.

తోకలు తాను గీస్తానంది గీతాంజలి. "మీ నాయన పెట్టని తోక మనమెందుకు పెట్టేది?" అంది తల్లి. అలాగే నేశారు. సంవత్సరీకం నాడు చంద్రకాంతమ్మ ఆ చీరే కట్టుకుంది. అంచు పొడుగునా తోకల్లేని ఉడుతలు ఆమె వెంట పరిగెత్తుతూ ఉంటే నేను రెండు కళ్ళతో చూశాను.

"వరదయ్యా, ఇందులో నువ్వు అల్లిందెంత?" అని మీరు అడుగుతారని తెలుసు. టక్కులు నిజం, మూడేసి కొట్టడం నిజం, కంపు నిజం, పొంగిన కండెన్సర్లు నిజం. చెప్పు సంగతి మరీ నిజం. మిగతా శుక్రవారాల మాట గీతాంజలి చెప్పిందే: అన్నిసార్లూ నిప్పులుండేవి. నేను కల్పించింది ఒక్కటే.

నేను వెళ్ళిన శుక్రవారం పొద్దున్నుంచీ ముసురు. బొగ్గులు తడిసిపోయి ఎంత ఊదినా అంటుకోలేదు. ఆమె ఉత్త మూకుడే తెచ్చి, చల్లటి బొగ్గుల మీద సాంబ్రాణి చల్లి అక్కడ పెట్టింది. పొగ లేదు. నేను చెయ్యి పెట్టి చూశాను, బావి గట్టు రాయిలా ఉంది. అయినా లేచింది. నేను పరిగెత్తింది అందుకు. మర్నాడు నేను 'వేడికే' అంటే ఆమె నవ్వింది కూడా అందుకే.

ఉన్నదున్నట్టు రాస్తే మీరు నమ్మరు కదా. అందుకని ఆ మూకుట్లో నిప్పు నేనే వేశాను.