చింతపండుతో తోమిన రూపాయి

నేను ఒక నమూనా రూపాయిని. వెండిలో పుట్టవలసినదాన్ని, రాగిలో పుట్టాను. టంకశాలలో కొత్త అచ్చు చెక్కితే, బొమ్మ సరిగా పడుతుందో లేదో ముందు చవక లోహం మీద కొట్టి చూస్తారు. అలా ఆరుగురం పుట్టాం. పైవాళ్ళకు బొమ్మ నచ్చక ఐదింటిని కరిగించేశారు. అచ్చు చెక్కినాయన మాత్రం మనసొప్పక నన్ను జేబులో వేసుకున్నాడు. ఒంటి మీద రూపాయి అని ఉన్నా నేను ఏనాడూ ఒక అగ్గిపెట్టె కూడా కొనలేదు. అయినా నాలాంటి చెల్లని వాటి కోసం ప్రాణం పెట్టే మనుషులున్నారు, ఏం చేస్తాం!

కాకినాడ పేర్రాజు గారు అలాంటివారే. తంతి ఆఫీసులో రిటైరయ్యారు. పదకొండేళ్ళు వెతికి, నన్ను ఆ చెక్కినాయన మనవరాలి దగ్గర కొన్నారు. ఎనభై ఏళ్ళ గాలికి నా ఒళ్ళు ముదురు గోధుమరంగుకు తిరిగింది. నా విలువంతా ఆ రంగులోనే ఉంది. అందుకే ఆయన ఎప్పుడూ అంచులు పట్టుకునే చూసేవారు.

విశాఖలో నాణేల ప్రదర్శనకు నన్ను రమ్మన్నారు. బయలుదేరే రోజు శుక్రవారం. నన్ను బల్ల మీద పెట్టి ఆయన స్నానానికి వెళ్ళారు. భార్య మాణిక్యాంబ పూజ సామాన్లు తోముకుంటోంది. కుందులతో పాటు నన్నూ చింతపండుతో తోమేసింది.

"ఏవండీ, చూశారా! మకిలంతా ఎలా వదిలిపోయిందో. నలుగురిలో పెట్టేది కాస్త తోముకోవద్దటండీ?"

పేర్రాజు గారి ముఖం పాలిపోయింది.

"బాగుంది మాణిక్యం. అద్దంలా ఉంది" అన్నారు.

బస్సులో కిటికీ వైపు తిరిగి ఏడ్చారు. ప్రదర్శనలో నన్ను జేబులోంచి తియ్యనే లేదు.

"ఏమన్నారండీ అందరూ?" అని ఆవిడ గుమ్మంలోనే అడిగింది.

"ఇంత మెరిసేది ఇంకోటి లేదన్నారే."

ఆ మాట ఆవిడ వీధంతా చెప్పుకుంది. చెప్పుకున్నన్నాళ్ళూ ఆయన కాదనలేదు.

మొన్న ఆషాఢంలో మాణిక్యాంబ పోయింది. పదో రోజు దాటాక ఆయన నన్ను బయటికి తీశారు. నా మీద అక్కడక్కడా నల్లమచ్చలు మొదలయ్యాయి. "అయ్యో మాణిక్యం, నువ్వు తోమింది పోతోందే" అన్నారు. వంటింట్లోకి వెళ్ళి, ఆవిడ జాడీలోంచి చింతపండు తీసి నానబెట్టారు. నా దాకా తెచ్చి ఆగిపోయారు. ఇప్పుడు తోమితే ఆవిడ తోమిన మెరుపు కాస్తా తన చేత్తోనే చెరిగిపోతుంది.

అంచులు పట్టుకోవాలన్నది మరిచిపోయి, నన్ను గుప్పిట్లో బిగించి చాలాసేపు ఏడ్చారు. చేతి చెమట తగిలితే రాగి ఇంకా త్వరగా నల్లబడుతుంది. ఆ సంగతి నాకంటే ఆయనకే బాగా తెలుసు.