చేతులు కట్టుకున్న సాయంత్రం

సాఫ్ట్‌వేర్ ఆఫీసులో ఆ టీముకు అతను పెద్ద. పిల్లలంతా "అన్నా" అంటారు. ఎవరైనా కోడు రాసి చూడమంటే తప్పెక్కడుందో చెప్పడు. "ఉంచు, నేను చూసుకుంటాలే" అంటాడు. చెప్పి దిద్దించేలోపు తానే దిద్దేస్తే పని తెములుతుందని అతని లెక్క. అలా తెమిల్చి తెమిల్చి కళ్ళు పీక్కుపోయాయి. ఇప్పుడు కొత్త ప్రోగ్రాం జనంలోకి వదలాలంటే అతని చెయ్యి పడందే ఆకు కదలదు.

తెల్లవారితే భార్యకు గర్భసంచి ఆపరేషన్. ఇదివరకు తేదీ ఖాయమయ్యాక, సరిగ్గా ఆ రోజే సర్వర్లు పడుకున్నాయని వాయిదా వేయించాడు. ఈసారి ఆవిడ గొడవ పెట్టుకోలేదు.

"రాలేనంటే ఇప్పుడే చెప్పయ్యా. నా ఏర్పాటేదో నేను చేసుకుంటా. ఎదురుచూసే ఓపిక లేదు నాకు" అంది, బట్టలు మడతపెడుతూ. అరిచినా బాగుండేది.

సాయంత్రం బిల్లులు పంపే ప్రోగ్రాం వదలాలి. అన్న కుర్చీ వెనక్కి జరిపి చేతులు కట్టుకున్నాడు.

"ఈసారి మీరే వదలండి. నేను ముట్టుకోను."

"పోయినసారీ ఇదే మాట. మంచినీళ్ళు తాగొచ్చేసరికి నా కుర్చీలో మీరే ఉన్నారు" అన్నాడు 'నిదానం'. ప్రోగ్రాంలు పరీక్షించే కుర్రాడికి అందరూ పెట్టిన పేరది. అందరితోపాటు అన్న కూడా నవ్వాడు.

గడుగ్గాయి అని పిలుచుకునే అమ్మాయి మీట నొక్కింది. కాసేపటికే ఫోన్లు. ఒకే బిల్లు ఒక్కొక్కరికీ రెండేసిసార్లు వెళ్తోందట. తెర చూడగానే తప్పెక్కడుందో అన్నకు దొరికిపోయింది. వేళ్ళు జివ్వుమన్నాయి.

"మీకు తెలిసిపోయింది కదన్నా?" అంది గడుగ్గాయి.

"తెలిసింది."

"చెప్పకండి. ఇవాళ చెప్తారు, రేపు ఆసుపత్రి నుంచి చెప్తారా?"

"బిల్లులు వెళ్ళిపోతున్నాయే తల్లీ!"

"అందుకే ముందు కొత్తది తీసేసి పాత ప్రోగ్రామే పెట్టేస్తున్నా. తప్పు తీరిగ్గా వెతుక్కుంటాం."

పాతది పెట్టడమంటే ఓడిపోవడమని ఇన్నాళ్ళూ అతని పట్టుదల. మంట మండుతుండగానే మరమ్మతు చేసేవాడు. ఆ పిల్ల చిటికెలో వెనక్కి తగ్గింది. ఫోన్లు ఆగిపోయాయి.

ఇక పెద్దసారు ఫోను. "ఏంటయ్యా ఇది? ఇవాళ వదుల్తామని పైవాళ్ళకు మాటిచ్చాను. నువ్వు కూర్చుంటే పావుగంట పని కాదూ?"

"అవునండీ. కానీ కూర్చోను. రేపు వాళ్ళే వదుల్తారు. నేను ఫోను తియ్యను."

"మాట పడేది ఎవరనుకున్నావు?"

"నేనే పడతానండీ."

అవతల ఫోను టక్కున పెట్టేశారు. ఇక్కడ పిల్లలు తప్పెక్కడుందోనని అప్పుడే వాదులాడుకుంటున్నారు, అదీ తప్పు లేని చోట వెతుకుతూ. చెవులు మూసుకున్నంత పనిచేసి, అన్న సంచీ తీసుకుని బయటపడ్డాడు. మెట్ల మీద కూలబడి భార్యకు ఫోను చేశాడు.

"రేపు నేనొస్తున్నా."

"సరే. మా చెల్లెల్ని కూడా రమ్మన్నాలే."

"వస్తున్నానన్నానుగా!"

"రావద్దన్నానా? నువ్వూ వస్తే ఇద్దరుంటారు."

వస్తానన్న మాట నమ్మించడానికి రేపు పొద్దున వెళ్ళి ఆమె పక్కన నిలబడటం తప్ప వేరే దారి లేదు.